అటుకుల్లో నూనె చుక్క

1968 నవంబరు పదకొండో తేదీ, కార్తీక సోమవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నటి తుంపర పడుతూనే ఉంది, కాలవ మీద నుంచి చలిగాలి వీస్తూనే ఉంది. ఆ రోజుల్లో కాకరపాలెంలో, దేన్నయినా బిగించడమే తప్ప విప్పి చూడటం తెలియని భూపతిరెడ్డి అనే ఆయన తన మేనమామ అటుకుల మిల్లు నడుపుతూ ఉండేవాడు.

మేనమామ పేరు పడాల అచ్చిరెడ్డి. అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పెద్ద ధాన్యం మిల్లు, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డులో అటుకుల మిల్లు, రెండూ ఆయన సొంత సంపాదన. మోకాళ్ళు పట్టేసి నడక కష్టమయ్యాక ధాన్యం మిల్లు గుమాస్తాలకు, అటుకుల మిల్లు చెల్లెలి కొడుకు భూపతికి అప్పగించి తాను వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. ఆయన తర్వాత అన్నీ భూపతివేనని ఊళ్ళో అందరూ అనుకునేవారు. భూపతి కూడా అలాగే అనుకునేవాడు, అందరికంటే కాస్త ఎక్కువగా.

భూపతి చెడ్డవాడు కాదు. పేకాట లేదు, తాగుడు లేదు. పొద్దున్నే అందరికంటే ముందు మిల్లుకు వచ్చేవాడు. చేతిలో ఎప్పుడూ ఒక పానా ఉండేది. మరలు బిగించడంలో అంత నేర్పు ఉన్నవాడు చుట్టుపక్కల లేడు. అయితే ఏ ఇబ్బంది వచ్చినా ఆయనకు ఒకటే వైద్యం తోచేది. ఒకసారి మిల్లు ఆఫీసు గదిలోకి కిటికీ గుండా వాన జల్లు కొట్టింది. పైన రేకు ఒకటి జారిపోయి నీళ్ళు అటు మళ్ళుతున్నాయని ఎవరైనా తల ఎత్తి చూస్తే తెలిసేది. భూపతి తల ఎత్తలేదు. కిటికీకి చెక్కలు అడ్డం పెట్టి పన్నెండు మేకులు కొట్టాడు. ఆ తర్వాత ఆ గదిలో పట్టపగలు లాంతరు పెట్టుకుని చిట్టాలు రాసుకునేవారు. వాన మాత్రం గోడ మీదుగా దిగుతూనే ఉండేది.

అటుకులు ఎలా అవుతాయో ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు గనుక రెండు మాటలు చెప్పాలి. ధాన్యాన్ని ఒక రాత్రీ ఒక పగలూ నానబెడతారు. తర్వాత కాలుతున్న ఇసుకలో వేయిస్తారు. ఆ వేడి పోకముందే ఇనప పళ్ళెంలో పోస్తే, దాంట్లో తిరిగే బరువైన రోలరు గింజను అంచుకు అదిమి పలచగా చేస్తుంది. తర్వాత ఆడవాళ్ళు జల్లెడ పట్టి, చేటలతో చెరిగి, ఊక పోగొట్టి బస్తాలకు ఎత్తుతారు. మంచి అటుకులు ఎండుగడ్డిలా వాసన వేస్తాయి. వేడి పాలు పోస్తే ఆ వాసన ఇల్లంతా నిండుతుంది. దాన్ని మించిన ఫలహారం లేదు, కానీ అది వేరే కథ.

కాకరపాలెం మిల్లులో రోలరును తిప్పే గేరుపెట్టె పళ్ళేనికి పైన, నాలుగు ఇనప స్తంభాల మీద ఉండేది. మామూలుగా కింద పెడతారు. కానీ భాద్రపదంలో కాలవ పొంగితే షెడ్డులోకి మోకాటిలోతు నీళ్ళు వచ్చేవి, అందుకని అచ్చిరెడ్డి పైన పెట్టించాడు. ఆ పెట్టెలో నుంచి నిలువుగా ఒక షాఫ్టు కిందికి దిగి రోలరును తిప్పుతుంది. షాఫ్టు బయటికి వచ్చే చోట ఒక బేరింగు, దాని కింద నూనె జారకుండా రబ్బరు సీలు. అంటే ఆ సీలు దగ్గర ఒక్క చుక్క కారినా షాఫ్టు వెంట జారి తిన్నగా అటుకుల్లోనే పడుతుంది. పదకొండేళ్ళలో ఎన్నడూ పడలేదు. ఆ సంవత్సరం దసరా వెళ్ళిన వారానికి పడటం మొదలైంది.

భూపతి వెంటనే సీలు మార్చాడు. కారింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ కారింది. ఇలా ఉండగానే ఆ కార్తీక సోమవారం రాజమండ్రి షావుకారు నలభై బస్తాలు పడవలో తిప్పి పంపాడు. ఒక చీటీ కూడా పెట్టాడు. "రెడ్డిగారికి నమస్కారాలు. మీ అటుకులు తిన్నవారు ఇంజను తిన్నట్టుందని చెబుతున్నారు. వచ్చే సోమవారం మళ్ళీ పడవ పంపుతాను. ఈసారీ ఇలాగే ఉంటే ఇక పంపను."

అచ్చిరెడ్డి చీటీ చదివి, బస్తా విప్పించి, గుప్పెడు అటుకులు తీశాడు.

"ఒరే భూపతీ, ఇలా రా. ఇవి నోట్లో వేసుకో" అన్నాడు.

"ఉపవాసం మావయ్యా. కార్తీక సోమవారం."

"వాసన చూడ్డానికి ఉపవాసం అడ్డం రాదులే. చూడు."

భూపతి వాసన చూశాడు. గేరు నూనె వాసనని ఆయన ముక్కుకు తెలుసు. అయినా రెండుసార్లు తన చేత్తో సీలు మార్చిన మనిషికి ఆ మాట ఒప్పుకోవడం కష్టం.

"ఇది తలనూనె మావయ్యా. జల్లెడ దగ్గర పన్నెండుమంది ఆడవాళ్ళు వంగి పనిచేస్తారు. జిడ్డోడే తలలు. కారకేం చేస్తుంది?" అన్నాడు.

భూపతి షెడ్డులోకి వెళ్ళి ఆడవాళ్ళను వరసగా నిలబెట్టాడు.

ఆ పన్నెండుమందికీ పెద్ద వరహాలమ్మ. యాభై ఏళ్ళ మనిషి. మిల్లు పెట్టిన రోజు నుంచి జల్లెడ ఆమె చేతిలోనే ఉంది. తక్కిన పదకొండుమందీ ఆమె మాట మీద పనిలో చేరినవాళ్ళే. వాళ్ళలో ఏడుగురి ఇళ్ళలో సంపాదించే మగవాళ్ళు లేరు. ఈ పని పోతే కాకరపాలెంలో ఆడవాళ్ళకు నాట్లూ కోతలూ తప్ప మరో పని లేదు, అవీ ఏడాదికి రెండు నెలలు.

"మీ తలనూనె అటుకుల్లో పడుతోంది. ఆదివారం సాయంత్రానికల్లా ఈ వాసన పోవాలి. పోకపోతే మీ అందరినీ మానిపించి పైఊరి నుంచి వేరేవాళ్ళని తెప్పిస్తాను" అన్నాడు భూపతి.

"బాబూ, ఇవాళ కార్తీక సోమవారం. పన్నెండుమందిమీ తెల్లారగట్ట కాలవలో తలస్నానం చేసి వచ్చాం. ఏ తలలో నూనుందో మీరే చూసుకోండి" అంది వరహాలమ్మ.

"ఇవాళ్టి సంగతి కాదు, తిరిగొచ్చినవి పోయినవారం అటుకులు. రేపట్నుంచి ఒక్కరి తలలోనూ చుక్క నూనె ఉండకూడదు."

"అలాగే బాబూ. మరి పై నుంచి పడేదో?"

"పైది నేను చూసుకుంటాను. నీ జల్లెడ నువ్వు చూసుకో."

మర్నాటి నుంచి పన్నెండుమందీ ఎండు జుట్టుతో వచ్చారు. గాలికి జుట్టు రేగి, చెవుల మీద పడి, చూడ్డానికి ఎలాగో ఉన్నారు. వాళ్ళలో మరిడమ్మ అనే ఆమెకు నోరు ఎక్కువ.

"మా ఆయన పొద్దున్న లేచి నన్ను చూసి, ఎవరు పోయారే అని అడిగాడు" అంది.

"నువ్వేం చెప్పావు?" అన్నారు పక్కవాళ్ళు.

"మన తలనూనె పోయింది, భూపతిబాబు కర్మ చేస్తున్నారు అన్నాను."

వరహాలమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు షాఫ్టు మీదనే ఉన్నాయి.

భూపతి మంగళవారం నిచ్చెన ఎక్కాడు. ఇక్కడ సీలు సంగతి కొంచెం తెలియాలి, లేకపోతే ఆయన చేసిన పొరపాటు తెలియదు. సీలు అంటే రబ్బరు వలయం. దాని లోపలి అంచు పెదవిలా సన్నగా ఉండి, తిరిగే షాఫ్టును అంటీ అంటనట్టు తాకుతూ ఉంటుంది. ఆ పెదవి వెనక దారంలాంటి స్ప్రింగు ఒకటి దాన్ని మెల్లగా పట్టి ఉంచుతుంది. పెదవికీ షాఫ్టుకీ మధ్య వెంట్రుకలో వందో వంతు నూనె పొర నిలవాలి. ఆ పొర ఉంటేనే రబ్బరు బతుకుతుంది. పట్టు తగ్గితే నూనె కారుతుంది, పట్టు మించితే రబ్బరు మాడుతుంది. అందుచేత సీలుకు కావలసింది బలం కాదు, సరిపడినంత పట్టు.

భూపతికి అది నచ్చలేదు. కొత్త సీలు స్ప్రింగును కాస్త కత్తిరించి మళ్ళీ కలిపాడు. పెదవి షాఫ్టును గట్టిగా పట్టుకుంది. చాలదేమోనని ఒక సీలు కింద ఇంకో సీలు కొట్టాడు. కిందికి దిగి, చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు కారమను చూస్తాను" అన్నాడు. పెట్టెలో నూనె తగ్గిందేమోనని, పక్కన నూనె మట్టం చూపే గాజు గొట్టంలో గీత దాటేదాకా పోశాడు.

బుధవారం పొద్దున్న కారలేదు. పదకొండు గంటలకు కారింది. దాంతోపాటు మాడిన రబ్బరు వాసన కూడా వచ్చింది. గురువారం భూపతి గోనెనారకు గ్రీజు పట్టించి షాఫ్టు చుట్టూ చుట్టాడు. నార తెగి అటుకుల్లో పడింది. ఆ రోజు మరిడమ్మ చేటలోంచి నారపోచ తీసి పైకెత్తి చూపించింది. "ఇది కూడా మా తలలోదేనా బాబూ?" అంది. భూపతి వినిపించుకోనట్టు వెళ్ళిపోయాడు.

వరహాలమ్మ ఆ మూడు రోజులూ ఒక పని చేసింది. ఎవరితోనూ అనకుండా రోజూ మూడు చిన్న బుట్టలు పెట్టుకుంది. మిల్లు మొదలైన మొదటి గంటలో వచ్చిన అటుకులు ఒక దాంట్లో, పదకొండు గంటల తర్వాతవి ఒక దాంట్లో, భోజనాలకు యంత్రం ఆపి మళ్ళీ వేశాక మొదట వచ్చినవి ఒక దాంట్లో పోసింది. గురువారం సాయంకాలం ఆ బుట్టలు తీసుకుని వరండాలో అచ్చిరెడ్డి దగ్గరికి వెళ్ళింది.

"పెదబాబుగారూ, వాసన చూడండి" అంది.

అచ్చిరెడ్డి మొదటి బుట్ట చూశాడు. ఎండుగడ్డి వాసన. రెండోది చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మూడోది మళ్ళీ చూశాడు. వాసన ఉండీ లేనట్టు ఉంది.

"మూడు రోజులూ ఇంతేనా?"

"మూడు రోజులూ ఇంతేనండి. మా తలలైతే పొద్దున్న ఒకలాగా మధ్యాహ్నం ఒకలాగా ఉండవు కదండీ. అది వేడెక్కాకే కక్కుతోంది. చల్లారితే మింగుతోంది."

అచ్చిరెడ్డి బుట్టలు పక్కన పెట్టించాడు. "భూపతికి చెప్పావా?" అన్నాడు.

"ఆయన నా జల్లెడ నన్ను చూసుకోమన్నారండి."

"సరే. రేపు కూడా చూడు. ఏం కనబడినా నా దగ్గరికి రా."

శుక్రవారం మధ్యాహ్నం భూపతి యంత్రం ఆపి, నూనె పోయడానికి నిచ్చెన ఎక్కాడు. గేరుపెట్టె పక్కన నూనె పోసే మర విప్పగానే లోపలి నుంచి బుస్సున గాలి వచ్చింది. వరహాలమ్మ కింద జల్లెడ ఆపేసింది.

"అదేంటి బాబూ, ఆ చప్పుడు?"

"ఏం లేదు. యంత్రం ఊపిరి వదిలింది."

"ఊపిరైతే రోజంతా తీయాలి కదండీ. మీరు మర విప్పినప్పుడే వదిలిందేం?"

"నీకు చెబితే అర్థం కాదు."

"అర్థం కాకే అడుగుతున్నాను బాబూ. కుడుముల గిన్నె మూత తీస్తే ఇలాగే వస్తుంది. మూతకి సందు లేకపోతే నీళ్ళు పక్కనుంచి పొంగుతాయి. దీనికి సందెక్కడుంది?"

భూపతి మర బిగించి, నిచ్చెన దిగి, పానా జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారానికి ఇంక రెండు రోజులే ఉంది. మాటలు తగ్గించి పని చూసుకోండి" అన్నాడు.

వరహాలమ్మ తిన్నగా వరండాకు వెళ్ళి తాను విన్నది చెప్పింది. అచ్చిరెడ్డి వింటూ కుర్చీలో ముందుకు వంగాడు. పదకొండేళ్ళ కిందట ఆ యంత్రం బిగించడానికి వచ్చిన మనిషి తన చెయ్యి పట్టుకుని పైకి లాగి, పెట్టె నెత్తిన ఉన్న ఒక చిన్న టోపీ మీద అరచెయ్యి పెట్టించిన సంగతి ఆయనకు గుర్తుకొచ్చింది. ఆ టోపీకి చుట్టూ సన్నటి చిల్లులు. పెట్టె వేడెక్కినప్పుడు లోపలి గాలి ఉబ్బి, ఆ చిల్లుల్లోంచి వెచ్చగా బయటికి వస్తుంది. చల్లారినప్పుడు లోపలికి పోతుంది. అది మూసుకుపోతే గాలి బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారీ సీలే. గాలి ముందు నూనెను తోస్తుంది. ఎంత కొత్త సీలైనా, ఎన్ని సీళ్ళయినా ఆ తోపుడుకు ఆగవు. ఆ మనిషి ఇదంతా చెప్పే వెళ్ళాడు. విన్నది అచ్చిరెడ్డి ఒక్కడే. మర్నాటి నుంచి సరిగ్గా నడిచిన యంత్రం గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆయనా మరిచిపోయాడు.

శనివారం పొద్దున్న అచ్చిరెడ్డి కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఆయన అక్కడ అడుగు పెట్టి రెండేళ్ళయింది. ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"భూపతీ, ఆ పెట్టె నెత్తిన ఒక టోపీ ఉండాలి. ఏదిరా?" అన్నాడు.

భూపతి పైకి చూశాడు. అందరూ చూశారు. గేరుపెట్టె నెత్తిన టోపీ కనబడలేదు. నిమ్మకాయంత పసుపు ముద్ద ఒకటి, దాని మధ్య పెద్ద కుంకుమ బొట్టు కనబడ్డాయి.

జరిగింది ఇది. అంతకుముందు ప్రతి దసరాకూ ఆయుధపూజ అచ్చిరెడ్డే చేసేవాడు. యంత్రం నడుముకి ఒక బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఊరుకునేవాడు. ఆ ఏడు మోకాళ్ళ వల్ల ఆయన రాలేదు. పూజ భూపతి చేతికి వచ్చింది. భూపతికి భక్తి ఎక్కువ, శ్రద్ధ ఇంకా ఎక్కువ. యంత్రమంతటికీ ఆకుపచ్చ రంగు మూడు పూతలు వేయించాడు. పైన బుడిపెలా పొడుచుకొచ్చిన ఆ టోపీ చూస్తే అమ్మవారి ముఖంలా తోచింది. దానికి పసుపు మెత్తాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం స్నానం చేసి నిచ్చెనెక్కి, పాత పసుపు మీద కొత్త పసుపు మెత్తుతూ వచ్చాడు. షెడ్డులో నూనె ఆవిరికి ఆ పసుపు రాయిలా గట్టిపడింది. నూనె కారడం మొదలయ్యాక శుక్రవారం పూజ ఇంకా జాగ్రత్తగా చేశాడు. నూనె ఇంకా ఎక్కువ కారింది.

"దాన్ని గీకెయ్" అన్నాడు అచ్చిరెడ్డి.

"మావయ్యా, అది పూజ చేసిన చోటు. అక్కడ ఇనుము పెట్టకూడదు. దసరా నుంచి ప్రతి శుక్రవారం చేతులారా చేశాను. అమ్మవారిని గీకమంటారా?"

పనివాళ్ళలో కొందరికి భూపతి మాట సబబుగానే తోచింది. అచ్చిరెడ్డి కూడా ఒక క్షణం ఆగాడు. అప్పుడు వరహాలమ్మ కొంగు నడుముకి దోపుకుని ముందుకు వచ్చింది.

"అమ్మవారి ముఖానికి మేమూ పసుపు రాస్తాం బాబూ. ముక్కు మూయం" అంది.

అచ్చిరెడ్డి కర్రతో నిచ్చెన వైపు చూపించాడు. "ఇనుము వద్దంటే వేలితో తీస్తుంది. ఎక్కమ్మా" అన్నాడు.

వరహాలమ్మ దణ్ణం పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. తడిగుడ్డతో ముద్దను నానబెట్టి, గోటితో మెల్లగా విడదీసి, ఒక ఆకులో పెట్టి కిందికి అందించింది. పసుపు కింద రంగు వచ్చింది. రంగును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చిల్లుల్లోకి చీపురుపుల్ల గుచ్చి ఒక్కొక్కటీ తెరిచింది. తర్వాత యంత్రం వేయమన్నారు. గంటన్నర గడిచింది. పెట్టె వేడెక్కింది. ఆమె టోపీ మీద అరచెయ్యి పెట్టి కాసేపు కళ్ళు మూసుకుంది.

"వెచ్చగా వస్తోందండి. పసిపిల్ల ఊపిరిలాగుంది" అంది.

ఇక్కడితో అంతా సర్దుకుంటే కథ చిన్నదై పోయేది. సర్దుకోలేదు. మధ్యాహ్నానికి కారడం బాగా తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. భూపతి మొహంలో కళ వచ్చింది.

"చూశారా మావయ్యా? పసుపు తీసినా కారుతూనే ఉంది. నేను ముందే చెప్పాను."

"సీళ్ళు విప్పు" అన్నాడు అచ్చిరెడ్డి.

విప్పారు. రెండు సీళ్ళ పెదవులూ మాడి బొగ్గులా ఉన్నాయి. ఇంతకంటే పెద్ద నష్టం షాఫ్టుకు జరిగింది. స్ప్రింగు కత్తిరించి బిగించిన చోట ఉక్కు షాఫ్టు మీద గోరు తగిలేంత గాడి పడింది. మెత్తటి రబ్బరు ఉక్కును కోసిందంటే ఎవరూ నమ్మరు. కానీ నూనె పొర లేకుండా దుమ్ము పట్టిన రబ్బరు నిమిషానికి వందల చుట్లు ఒకేచోట రాస్తే కోస్తుంది. పసుపు వల్ల వచ్చింది చిన్న ఇబ్బంది. దాన్ని తెలుసుకోకుండా బిగించడం వల్ల వచ్చింది పెద్ద ఇబ్బంది.

భూపతి గాడి మీద వేలు పెట్టి చూసి, వేలు తీసేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అచ్చిరెడ్డి కోప్పడలేదు. "నీ చేతులకు పని వచ్చురా. చెప్పినట్టు చెయ్యి. ఒకటే సీలు పెట్టు. స్ప్రింగు ముట్టుకోకు. సీలు వెనక సన్నటి వలయం వేసి దాన్ని వడ్లగింజంత కిందికి జరుపు. పెదవి గాడి మీద కాకుండా నున్నటి చోట కూర్చుంటుంది. నూనె గీత దాకా తీసెయ్. ఎక్కువ నూనె ఉంటే గేర్లు చిలికి ఇంకా వేడి చేస్తాయి" అన్నాడు.

భూపతి చెప్పినట్టే చేశాడు. సీలును సుత్తితో కొట్టకుండా, చుట్టూ సమంగా ఒత్తుతూ, ఒంకర లేకుండా కూర్చోబెట్టాడు. పని చక్కగా చేశాడని ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున్న ధాన్యం పోయకుండా, వట్టి యంత్రం నడిపారు. అచ్చిరెడ్డి తన ఉతికిన ఉత్తరీయం తీసి షాఫ్టు చుట్టూ పళ్ళెంలో పరిపించాడు. రోలరు పైకి ఎత్తి కట్టారు. పన్నెండుమంది ఆడవాళ్ళూ పని లేకపోయినా వచ్చి గోడవార కూర్చున్నారు. వాళ్ళ పని ఉంటుందో పోతుందో ఆ గుడ్డ చెప్పాలి. పది గంటలైంది. పదకొండైంది. రోజూ కారే వేళ అది. పన్నెండైంది, రెండైంది. మూడు గంటలకు యంత్రం ఆపించి అచ్చిరెడ్డి ఉత్తరీయం తెప్పించుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని వరహాలమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె వాసన చూసి, పక్కామెకు ఇచ్చింది. అది వరసలో పన్నెండు చేతులూ తిరిగి వచ్చింది. ఒక్క చుక్క లేదు.

మర్నాడు పొద్దున్న కొత్తగా తీసిన అటుకులు రెండు బస్తాలు రాజమండ్రి పడవలో మచ్చుగా వెళ్ళాయి. నాలుగో రోజున షావుకారు మిగతా సరుకు అడిగి పంపాడు. ఆడవాళ్ళ పని నిలిచింది.

ఆదివారం సాయంకాలమే అచ్చిరెడ్డి మేనల్లుణ్ణి వరండాకు పిలిచాడు.

"భూపతీ, నువ్వు ఆ ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి ఒక మాట అన్నావు. రేపు మళ్ళీ నిలబెట్టి, అది నా పొరపాటు అని ఒక్క మాట చెప్పు."

"కారడం ఆగింది కదా మావయ్యా. ఇంక చెప్పడానికేముంది? పనివాళ్ళ ముందు అలా అంటే రేపు నా మాట ఎవరు వింటారు?"

"అంటేనే వింటారు."

భూపతి మర్నాడు షెడ్డులోకి వెళ్ళి ఆడవాళ్ళతో, "ఇవాళ్టి నుంచి తలకు నూనె రాసుకోవచ్చు" అన్నాడు. వరమిచ్చినట్టు అన్నాడు. ఆడవాళ్ళు సరేనండి అన్నారు. పడవ సరంగుతో మాత్రం, "యంత్రంలో చిన్న లోపం ఉంటే నేనే కనిపెట్టి సరిచేశాను, షావుకారుగారికి చెప్పు" అన్నాడు. సరంగు ఆ మాట షావుకారుకి చెప్పాడు. షావుకారు ఉత్తరంలో భూపతిని మెచ్చుకుంటూ అచ్చిరెడ్డికి రాశాడు. అచ్చిరెడ్డి ఆ ఉత్తరం చదివి మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆయన తొందరపడే మనిషి కాదు. రెండున్నరేళ్ళు చూశాడు. ఆ రెండున్నరేళ్ళలో భూపతి ఆ ఒక్క మాట అనడానికి ఎన్నో అవకాశాలు వచ్చాయి. ఒకసారి బెల్టు తెగితే తప్పు బెల్టు అమ్మినవాడిది అయింది. ఒకసారి ధాన్యం ఎక్కువ నానిపోతే తప్పు వానది అయింది. అచ్చిరెడ్డి ప్రతిసారీ వినేవాడు, ఏమీ అనేవాడు కాదు.

1971 జూన్ నెలలో అచ్చిరెడ్డి నిద్రలోనే పోయాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక, దస్తావేజు రాసిన కరణంగారు వరండాలో కూర్చుని వీలునామా చదివారు. ధాన్యం మిల్లు, దాని స్థలం చెల్లెలు మంగాయమ్మకు, అంటే భూపతి తల్లికి రాశాడు. ఆమె తర్వాత అది ఊరి ఆసుపత్రికి చెందాలన్నాడు. ఉండే ఇల్లు ముప్పై ఏళ్ళు నమ్మకంగా పనిచేసిన పెద్ద గుమాస్తాకు రాశాడు. రేకుల షెడ్డు, అటుకుల యంత్రం వరహాలమ్మకు రాశాడు. జల్లెడ దగ్గర పనిచేసే పదకొండుమందినీ వాళ్ళంతట వాళ్ళు మానేదాకా మానిపించకూడదని షరతు పెట్టాడు.

కరణంగారు కాగితం మడవబోతుంటే భూపతి, "నా పేరు ఎక్కడో ఉంటుంది. మళ్ళీ చూడండి" అన్నాడు. కరణంగారు మొదటి నుంచి మళ్ళీ చదివారు. భూపతికి ఏమీ రాయలేదు.

కాబట్టి నష్టం కనబడిన చోటనే బిగించి, నేరం ఎదుటివారి మీద మోపేవాడు ఉన్నదాన్ని కూడా పాడుచేసుకుంటాడు. కారణం ఎక్కడుందో ఓపికగా వెతికి, తప్పు తనదైతే తనదని ఒప్పుకునేవాడి చేతిలోనే ఏ పనైనా నిలుస్తుంది.